బానక్‌లో పగలు బడి, రాత్రి లాడ్జి

మేనల్లుడు: నమస్కారం. ఈ రోజు మళ్లీ మా మామయ్యే మన అతిథి. కిందటేడు ఎల్లోస్టోన్ చూడ్డానికని బయల్దేరి, మధ్యలో బానక్ అనే ఊరికి వెళ్లొచ్చారు. వచ్చినప్పటి నుంచీ ఆ ఊరి మాటే, అక్కడి ఫ్రీమేసన్ల మాటే. ఏముంది మామయ్యా అక్కడ?

మామయ్య: మనుషులు లేరురా. అమెరికాలో మోంటానా రాష్ట్రంలో ఖాళీ అయిపోయిన ఊరు. 1862 జులైలో అక్కడి గ్రాస్‌హాపర్ వాగులో బంగారం దొరికింది. ఆ వార్త విని ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి పడ్డారు. కోర్టు లేదు, ప్రభుత్వం లేదు. పక్క గుడిసెలో ఉన్నవాడు మంచివాడో, పీక కోసేవాడో తెలియదు.

మేనల్లుడు: ఫ్రీమేసన్లు అక్కడికి ఎలా వచ్చారు? అసలు వాళ్లెవరో ముందు చెప్పండి.

మామయ్య: అదొక సోదర సంఘం. దేవుడి మీద నమ్మకం ఉండాలి, ఒకరికొకరు సాయం చేసుకోవాలి, రహస్య సంకేతాలతో గుర్తుపట్టుకుంటారు. వాళ్ల శాఖనూ, అది కలిసే చోటునూ లాడ్జి అంటారు. హైదరాబాద్‌లో గోషామహల్ బారాదరి చూశావుగా, అది వాళ్ల లాడ్జే.

మేనల్లుడు: అటు నుంచి వెళ్లినప్పుడల్లా చూస్తాను, లోపలికి మాత్రం వెళ్లలేదు.

మామయ్య: మోంటానాలో వీళ్ల కథ ముగ్గురితో మొదలైంది. మిన్నెసోటా నుంచి ఫిస్క్ అనే అతను నడిపించుకొచ్చిన వలస బృందంలో నథానియల్ లాంగ్‌ఫర్డ్ అనే యువకుడున్నాడు. 1862 సెప్టెంబరులో ముల్లన్ కనుమ దగ్గర అతనూ, మరో ఇద్దరు మేసన్లూ కొండ మీదే లాడ్జి తెరిచారు. గోడల్లేవు, కప్పు లేదు.

మేనల్లుడు: ముగ్గురేనా!

మామయ్య: ముగ్గురే. అసలు సంగతి నవంబరులో జరిగింది. బానక్‌లో విలియం బెల్ అనే అతను జ్వరంతో మంచాన పడ్డాడు. పోయే ముందు ఒకటే అడిగాడు, తనను మేసన్ల పద్ధతిలో పూడ్చమని. మేసన్లెవరైనా ఉంటే రమ్మని ఊళ్లో కబురు పెట్టారు. పదిమంది వస్తే గొప్ప అనుకునే చోట 76 మంది వచ్చారురా! అంతకుముందు రోజు దాకా ఒకరికొకరు అపరిచితులు. లాంగ్‌ఫర్డ్ క్రతువు నడిపించాడు. పచ్చని కొమ్మలు గోతిలో వేశారు.

మేనల్లుడు: ఒళ్లు జలదరిస్తోంది మామయ్యా.

మామయ్య: నాకూ అక్కడ నిలబడితే అలాగే అనిపించింది. మనకు తోడు ఇంతమంది ఉన్నారని వాళ్లకు ఆ చావు ఇంట్లోనే తెలిసింది. వెంటనే లాడ్జికి అనుమతి కోసం నెబ్రాస్కా మేసన్లకు రాశారు. అనుమతి వచ్చేసరికి 1863లో ఆల్డర్ గల్చ్ అనే లోయలో ఇంకా ఎక్కువ బంగారం బయటపడి, జనమంతా అటు తరలిపోయారు. అక్కడే వర్జీనియా సిటీ వెలిసింది. ఆ ఊరి లాడ్జికి మొదటి పెద్ద ప్యారిస్ ఫౌట్స్.

మేనల్లుడు: విజిలెంటీలకు, అంటే చట్టాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నవాళ్లకు, నాయకుడు కూడా ఆయనేగా?

మామయ్య: ఆయనే. ఇక్కడే నా మనసు కలుక్కుమంటుంది. 1863 డిసెంబరులో జార్జ్ ఐవ్స్ అనే హంతకుణ్ణి బహిరంగంగా, జనం మధ్య విచారించారు. అతనికి వ్యతిరేకంగా వాదించింది విల్బర్ శాండర్స్ అనే లాయరు, ఆయనా మేసనే. ఆ తర్వాత విజిలెంటీ కమిటీ ఏర్పడింది. కొద్ది వారాల్లో సుమారు 20 మందిని ఉరితీశారు. అందులో బానక్ షెరీఫ్, అంటే ఊరి శాంతిభద్రతలు చూసే అధికారి, హెన్రీ ప్లమ్మర్ కూడా ఉన్నాడు. 1864 జనవరి 10న, తాను కట్టించిన ఉరికంబానికే వేలాడాడు. అతను దొంగల ముఠా నాయకుడని వాళ్ల అభియోగం. విచారణ మాత్రం జరగలేదు. చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

మేనల్లుడు: అంటే ఇదంతా మేసన్లు చేసిందేనా?

మామయ్య: సంఘంగా చేశారనడం తప్పు. కానీ ముఖ్యుల్లో మేసన్లున్నారు. ఎవరిని నమ్మాలో తెలియని చోట, నమ్మదగినవాళ్లెవరో వాళ్లకు ముందే తెలుసు. అంత్యక్రియలకు కలిపిన నమ్మకమే ఉరితాడు పట్టడానికీ పనికొచ్చింది. శాండర్స్‌ను నేను గౌరవిస్తాను, ఆ ఉరులను సమర్థించలేను.

మేనల్లుడు: 3-7-77 అని ఒక గుర్తు గురించి చెప్పారు కదా నాకు?

మామయ్య: విజిలెంటీల గుర్తుగా పేరుపడ్డ అంకెలు అవి. ఇప్పటికీ మోంటానా హైవే పోలీసుల భుజం మీద ఉంటాయి. కొండ మీది ముగ్గురూ, లాడ్జికి కావాల్సిన ఏడుగురూ, బెల్‌తో కలిపి 77 మందీ అని కొందరంటారు. వినడానికి బాగుంటుంది, కానీ ఆ అంకెలు కనిపించింది 1879లో. నేను మాత్రం నమ్మను.

మేనల్లుడు: ఆ తర్వాత వాళ్లేం చేశారు?

మామయ్య: 1864 మేలో మోంటానా టెరిటరీ, అంటే ఇంకా రాష్ట్రం కాని ప్రాంతంగా, ఏర్పడింది. 1866లో అక్కడి లాడ్జిలన్నిటికీ పైన ఉండే గ్రాండ్ లాడ్జి వచ్చింది. శాండర్స్ తర్వాత సెనేటర్ అయ్యాడు, లాంగ్‌ఫర్డ్ ఎల్లోస్టోన్ పార్కుకు మొదటి సూపరింటెండెంట్. ఇంకో మాట కూడా చెప్పాలి. బానక్ అన్న పేరు అక్కడి బానక్ తెగవాళ్లది. ఈ నిర్మాణమంతా వాళ్లూ, షోషోనీలూ తిరిగిన నేల మీద జరిగింది.

మేనల్లుడు: బానక్‌లో మీరు చూసిన లాడ్జి మేడ సంగతి?

మామయ్య: 1874లో కట్టారు. రెండంతస్తుల చెక్క భవనం. పైన లాడ్జి, కింద పిల్లల బడి. కింది గదిలో బల్లలు, నల్లబల్ల అలాగే ఉన్నాయి. బల్ల మీద చెయ్యి పెట్టి చూశాను, అంచులు అరిగి నున్నగా ఉన్నాయి.