వాట్సాప్ పక్కనే సిగ్నల్: ఫోనులో పెట్టుకుని సరిచేసుకోవలసిన సెట్టింగులు

నమస్కారం. ఈ వీడియోలో ఫోనులో సిగ్నల్ అనే యాప్ పెట్టుకుని, కొన్ని సెట్టింగులు సరిచేద్దాం. వాట్సాప్ లాగే ఇదీ సందేశాలు పంపుకునే యాప్. వాట్సాప్ తీసేయమని నేను అడగను. అపార్ట్‌మెంట్ గ్రూపూ, పిల్లల స్కూలు గ్రూపూ అందులోనే ఉంటాయి, ఉండనివ్వండి.

"వాట్సాప్ సందేశాలకూ తాళం ఉంటుంది కదా" అని మీరు అడగవచ్చు. ఉంటుంది. తాళం అంటే, పంపినవారూ అందుకున్నవారూ తప్ప మధ్యలో ఎవరూ సందేశం చదవలేకపోవడం. పైగా అది సిగ్నల్ వాళ్ల తాళమే. 2016 నుంచి వాట్సాప్ వాడుతున్నది సిగ్నల్ ప్రోటోకాల్‌నే, అంటే సందేశాలకు తాళం వేసే సిగ్నల్ వాళ్ల పద్ధతినే. మరి తేడా ఎక్కడ? ఎంత తరచుగా మాట్లాడతారు, ఎంతసేపు, ఏ ఫోనులో... ఇలాంటి వివరాలు సేకరిస్తామని వాట్సాప్ ప్రైవసీ పాలసీలోనే ఉంది. సిగ్నల్ దగ్గర ఏముంటుందో 2016లోనే బయటపడింది. అమెరికాలోని వర్జీనియాలో ఒక గ్రాండ్ జ్యూరీ (నేరారోపణకు ఆధారాలు ఉన్నాయో లేదో చూసే పౌరుల బృందం) సమన్లు పంపి ఖాతా వివరాలు అడిగితే, ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి సర్వరుకు ఎప్పుడు కలిశారు అన్న రెండు ముక్కలే సిగ్నల్ ఇవ్వగలిగింది. అంతకుమించి దాని దగ్గర లేవు. దాని కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది. మనలో చాలామంది చదవం, కానీ చదవగలిగినవాళ్లు తప్పులు పట్టుకోవచ్చు.

సరే, ఫోను తీయండి. ప్లే స్టోర్‌లోనో యాప్ స్టోర్‌లోనో సిగ్నల్ దించుకుని, నంబరు ఇచ్చి, వచ్చిన ఓటీపీ కొట్టండి. అవును, నంబరు కావాల్సిందే. నాకు నచ్చని సంగతి ఇదొక్కటే.

తర్వాత పిన్ పెట్టమంటుంది. 1234 వద్దు. పెట్టాక సెట్టింగ్స్‌లో అకౌంట్‌కు వెళ్లి రిజిస్ట్రేషన్ లాక్ ఆన్ చేయండి. మీ సిమ్ ఎవరి చేతికైనా చిక్కినా, పిన్ లేకుండా మీ పేరుతో సిగ్నల్ తెరవడం కష్టం.

ఇప్పుడు ప్రైవసీలో ఫోన్ నంబర్ నొక్కండి. రెండు ప్రశ్నలు కనిపిస్తాయి. నా నంబరు ఎవరికి కనిపించాలి? "నోబడీ" అని ఉందో లేదో చూసుకోండి. నంబరుతో నన్ను ఎవరు వెతకవచ్చు? దీన్ని మాత్రం కొన్నాళ్లు అలాగే వదిలేయమంటాను. మూసేస్తే మీ బంధువులకు కూడా మీరు దొరకరు.

కొత్తవాళ్లకు నంబరు ఇవ్వడం ఇష్టం లేకపోతే ప్రొఫైల్‌లో యూజర్‌నేమ్ పెట్టుకోండి. 2024లో వచ్చిన సౌకర్యం ఇది. పేరు చివర అంకెలు ఉంటాయి. పాత సామాను అమ్మేటప్పుడో, ట్యూషన్ మాట్లాడుకునేటప్పుడో ఆ పేరు ఇస్తే చాలు.

టెలిగ్రామ్ సంగతి కూడా అడుగుతుంటారు. అందులో మామూలు చాట్లకు ఈ రకం తాళమే ఉండదు, సీక్రెట్ చాట్ విడిగా తెరవాలి. గ్రూపులకు అదీ లేదు. ఇక సర్వరు కూడా మన చేతిలోనే ఉండాలనుకునేవారు మ్యాట్రిక్స్ చూడవచ్చు. ఎవరి సర్వరు వాళ్లే నడుపుకోగలిగే సందేశాల వ్యవస్థ అది. ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం చాప్ (Tchap) అనే యాప్‌ను దానిమీదే కట్టుకుంది. కానీ ఇంట్లో వాళ్లను దానికి ఒప్పించడం నావల్ల కాలేదు.

సిగ్నల్‌కు ముందు రోజూ మాట్లాడే ఇద్దరు ముగ్గురినే పిలవండి. అమ్మకో నాన్నకో మీరే పెట్టిస్తుంటే ఒక మాట ముందే చెప్పండి: ఆ పిన్ మరిచిపోకుండా ఉండేందుకు సిగ్నల్ అప్పుడప్పుడూ దాన్ని అడుగుతుంది. చెప్పకపోతే మోసగాళ్లెవరో పిన్ అడుగుతున్నారనుకుని, యాప్‌నే తీసేస్తారు.