ఎస్‌జీటీ నుంచి స్కూల్ అసిస్టెంట్ అయ్యారా? ఆప్షన్ లెటర్ ఇచ్చే ముందు ఈ లెక్క చూడండి

నమస్కారం టీచర్లందరికీ. ప్రమోషన్ వచ్చింది, హైస్కూల్లో చేరారు, అటెండెన్స్ రిజిస్టర్‌లో పేరు పక్కన స్కూల్ అసిస్టెంట్ అని పడింది. జీతం మాత్రం ఇంకా పాత ఎస్‌జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్, బేసిక్ మీదే వస్తోంది. చాలామంది ఫోన్ చేసి అడిగేది ఇదే. అందుకని ఎక్సెల్‌లో చిన్న షీట్ చేశాను. కొత్త బేసిక్ ఎంత, ఆప్షన్ ఏది ఇవ్వాలి (అంటే కొత్త బేసిక్ చేరిన తేదీ నుంచి కట్టమనాలా, పాత ఇంక్రిమెంట్ తేదీ నుంచి కట్టమనాలా), ఎరియర్స్ ఎంత రావాలి, మూడూ ఇందులోనే చూద్దాం.

ముందే ఒక మాట. ఎస్‌జీటీగా పన్నెండేళ్ల స్కేలు (అదే పోస్టులో పన్నెండేళ్లు చేసినందుకు ఇచ్చే పై స్కేలు) తీసేసుకున్న వాళ్లు ఈ షీట్ వాడకండి. మీ లెక్క వేరు, అది ఇందులో కలిపితే అందరికీ గందరగోళం. ఇంకొకటి, ఇది ఆంధ్రప్రదేశ్ 2022 పే స్కేళ్లది. తెలంగాణ వాళ్ల స్టేజీలు, అంటే బేసిక్ ఎక్కే మెట్లు, వేరు. ఆ మెట్లన్నీ వరసగా ఉండే మీ మాస్టర్ స్కేల్ వేసుకోకుండా ఈ అంకెలు వాడొద్దు.

సరే, షీట్ ఓపెన్ చేశా. ఏ కాలమ్‌లో మాస్టర్ స్కేల్, 20000 నుంచి మొదలు. మొత్తం టైప్ చేయక్కర్లేదు. ఇంక్రిమెంట్ రేటు ప్రతి మూడు స్టేజీలకీ మారుతుంది చూడండి, 600 మూడుసార్లు, 660 మూడుసార్లు, అలా. ఫార్ములా ఒకటి రాసి కంట్రోల్ డీ కొట్టడమే. నేను మౌస్‌తో లాగను, కంట్రోల్ డీ అలవాటైతే ఇక మౌస్ పట్టుకోబుద్ధి కాదు.

బీ కాలమ్‌లో మీ వివరాలు. పాత బేసిక్ 43310. ప్రమోషన్‌లో చేరిన తేదీ 2025 జూన్ 10. ఇంక్రిమెంట్ నవంబర్ 1. తేదీ కొట్టాక ఒకసారి ఇక్కడ పైన చూసుకోండి. కొన్ని కంప్యూటర్లలో నెల ముందు, రోజు తర్వాత తీసుకుంటుంది, జూన్ 10 కాస్తా అక్టోబర్ 6 అయిపోతుంది. అందుకే నెల అక్షరాల్లో కనపడేలా ఫార్మాట్ పెట్టా. కంట్రోల్ వన్ నొక్కితే వస్తుంది, ఇదిగో.

తర్వాతి స్టేజీ తెచ్చే ఫార్ములా స్క్రీన్ మీద ఉంది, కాపీ చేసుకోండి. ఇండెక్స్, మ్యాచ్, చివర సున్నా. ఆ సున్నా మర్చిపోవద్దు. అంతే.

ఇక అసలు సంగతి. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, వీడియో పాజ్ చేసుకుంటూ చూసినా పర్లేదు.

ప్రమోషన్‌కి ఫిక్సేషన్, అంటే కొత్త బేసిక్ ఖరారు చేయడం, ఎఫ్ఆర్ (ఫండమెంటల్ రూల్స్) 22-బి కింద జరుగుతుంది. పాత పోస్టులో ఒక ఇంక్రిమెంట్ ఇచ్చినట్టు లెక్కేసుకుని, దాని పై స్టేజీలో కొత్త స్కేలులో కూర్చోబెడతారు. స్కూల్ అసిస్టెంట్ స్కేలు 44570 నుంచి 127480. మన 43310కి ఒక ఇంక్రిమెంట్ కలిపితే 44570, దాని పై స్టేజీ 45830. ఇది మొదటి దారి, చేరిన తేదీ నుంచే కావాలి అంటే. అప్పుడు మీ ఇంక్రిమెంట్ నెల మారిపోతుంది, ఇక ప్రతి ఏడూ జూన్ 1. 2026 జూన్‌లో 47090.

రెండో దారి, నా పాత ఇంక్రిమెంట్ తేదీ నుంచి 22-బి ఇవ్వండి అని అడగడం. అప్పుడు జూన్ 10న ఎఫ్ఆర్ 22(ఎ)(i) కింద పై స్టేజీ ఒక్కటే ఇస్తారు, 44570. నవంబర్ 1న పాత పోస్టులో మీ బేసిక్ ఇంక్రిమెంట్‌తో 44570 అయ్యేది కదా, దానికి ఒకటి కలిపి 45830, దాని పైన 47090. అంటే మొదటి దారిలో 2026 జూన్‌లో వచ్చే 47090 ఇక్కడ 2025 నవంబర్‌లోనే వచ్చేస్తుంది.

మరి రెండో దారిలో పోయేదెంత? జూన్‌లో 21 రోజులు, ఆ తర్వాత నాలుగు నెలలు, నెలకి 1260 చొప్పున 5922 రూపాయలు. వచ్చేదెంత? నవంబర్ నుంచి మే దాకా ఏడు నెలలు, 8820. జూన్ నుంచి అక్టోబర్ దాకా ఇద్దరిదీ ఒకటే బేసిక్. మళ్లీ నవంబర్ వస్తే 48440 అవుతారు, మొదటి దారి వాళ్లు ఇంకా 47090లోనే ఉంటారు. ఇలా ఏటా ఏడు నెలలు మీరే ముందుంటారు. ఇదంతా బేసిక్ మాత్రమే, డీఏ కలపలేదు.

ఇప్పుడు బీ కాలమ్‌లో ఇంక్రిమెంట్ నెల ఒక్కటి మారుస్తా. నవంబర్ తీసేసి మే పెట్టా. చూడండి, కింద అంకె ఎర్రగా మారిపోయింది! దాదాపు పదకొండు నెలలు 44570లోనే ఉండాలి, 13482 పోతుంది. లాభం మాత్రం ఏడాదికి ఒక్క నెల, మే నెల ఒక్కటే. ఆ పోయింది తిరిగి రావడానికి పదేళ్లు పడుతుంది. వీళ్లకి చేరిన తేదీ ఆప్షనే మంచిది.

అందుకే స్టాఫ్ రూమ్‌లో పక్క సార్ ఏది ఇచ్చారో చూసి అదే రాసేయడం నాకస్సలు నచ్చదు. ఆయన ఇంక్రిమెంట్ నెల వేరు, మీది వేరు. మధ్యలో ఉన్న వాళ్లు, అంటే జనవరి, ఫిబ్రవరి వాళ్లు, ఇంకెంత సర్వీసు ఉందో చూసుకోండి. రెండేళ్లలో రిటైరయ్యే మేడమ్‌కీ, ఇరవై ఏళ్లున్న కుర్రాడికీ జవాబు ఒకటి కాదు.

ఆప్షన్ రాతపూర్వకంగా, చేరిన తేదీ నుంచి ఒక నెల లోపు ఇవ్వాలి. ఒకసారి ఇస్తే మార్చుకోవడం కుదరదు. హెచ్ఎం గారికి ఇచ్చి, ఆఫీస్ కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. "ఇచ్చాను సార్, ఎక్కడో ఉంటుంది" అంటే రేపు ఎవరూ వినరు.

ఇక ఆలస్యం. ఎక్కువగా ఆగేది సర్వీస్ రిజిస్టర్ దగ్గర. ఎస్‌జీటీగా మీ డీడీఓ, అంటే జీతం బిల్లు పెట్టే అధికారి, ఎంఈఓ (మండల విద్యాశాఖాధికారి) గారు, ఇప్పుడు హైస్కూల్ హెచ్ఎం గారు. అక్కడి నుంచి ఎస్ఆర్ (సర్వీస్ రిజిస్టర్), ఎల్‌పీసీ (చివరి జీతం సర్టిఫికెట్) వస్తే గానీ ఇక్కడ ఫిక్సేషన్ కదలదు. మండల ఆఫీసుకి ఒకసారి వెళ్లి రండి, ఫోన్లతో అయ్యే పని కాదు.

ఫిక్సేషన్ ప్రొసీడింగ్స్ వచ్చాక, ఎస్ఆర్‌లో ఎంట్రీ పడిందో లేదో కళ్లారా చూసుకోండి. తర్వాత డ్యూ-డ్రాన్ స్టేట్‌మెంట్, అంటే రావాల్సిందెంత, తీసుకున్నదెంత అనే పట్టిక. రెండో షీట్‌లో ఉంది, బేసిక్ అదే తెచ్చుకుంటుంది. డ్రాన్ కాలమ్ మాత్రం పే స్లిప్ ముందు పెట్టుకుని నింపండి, గుర్తున్నది వేయకండి. డీఏ ఏ నెలకి ఆ నెల రేటు. సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్) వాళ్లకి బేసిక్, డీఏ తేడా మీద పది శాతం కట్ అవుతుంది, అది చూసి ఎరియర్స్ తక్కువొచ్చాయని కంగారుపడొద్దు. ఈ డబ్బు ఇంతకుముందు తీసుకోలేదని చెప్పే నాన్-డ్రాయల్ సర్టిఫికెట్ జత చేసి సప్లిమెంటరీ బిల్లు డీడీఓ లాగిన్ నుంచి వెళ్తుంది.

ఎరియర్స్ మార్చి దాటి వచ్చాయనుకోండి, పోయిన ఏడాది డబ్బుకి ఈ ఏడాది ట్యాక్స్ పడుతుంది. దానికి రిలీఫ్ ఉంది, ఇన్నాళ్లూ మనం 10ఈ ఫారం అంటున్నది అదే. రిటర్న్ వేయకముందే ఆన్‌లైన్‌లో వేయాలి.

షీట్ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను. పసుపు రంగు గడులు మాత్రమే మార్చండి, మిగతావి ముట్టుకోవద్దు. డౌట్ ఉంటే కామెంట్‌లో పాత బేసిక్, చేరిన తేదీ, ఇంక్రిమెంట్ నెల, ఈ మూడే రాయండి. పేరు, స్కూలు, ఎంప్లాయీ ఐడీ పెట్టకండి.