రోజు కూలి పెరిగితే ఇంటి పేదరికం తగ్గుతుందా?

(తెర మీద: తెల్లారకుండానే కాలవ గట్టు మీద ఆటో. కిక్కిరిసి కూర్చున్న ఆడవాళ్ళు, ఒళ్ళో క్యారేజీలు.)

ఈ ఆటో భీమవరం పక్కన ఒక రొయ్యల షెడ్డుకి వెళ్తోంది. ఇందులో ఉన్నవాళ్ళకి రోజు కూలి అంటూ లేదు, కిలోకి ఇంత అని లెక్క. తల తీసి, పొట్టు వలిచి, తూకం వేయించుకుంటేనే డబ్బులు. రొయ్య చిన్నదైతే కిలో నిండేసరికి నడుం పట్టేస్తుంది. ఆ రోజు సరుకు రాలేదంటే తెచ్చుకున్న అన్నం తిని ఇంటికి రావడమే.

వీళ్ళకి కనీస వేతనం వర్తిస్తుందా? వర్తిస్తుంది. కిలో లెక్కన ఇచ్చినా సరే, రోజంతా పనిచేసిన మనిషికి ప్రభుత్వం పెట్టిన రేటుకి తగ్గకూడదు.

ఆ రేటు ఎలా వస్తుంది? 1948లో కనీస వేతనాల చట్టం వచ్చింది. 1957లో 15వ భారత కార్మిక సమావేశం, అంటే ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి కూర్చున్న సభ, లెక్క కట్టే పద్ధతి చెప్పింది. ఒక్కరి సంపాదన మీద ముగ్గురు పెద్దవాళ్ళకి సమానమైన కుటుంబం బతకాలి. మనిషికి 2,700 కేలరీల తిండి, ఇంటికి ఏడాదికి 72 గజాల బట్ట, అద్దె, వంటచెరకు, దీపం ఖర్చు. పిల్లల చదువు, వైద్యం అందులో లేవు. వాటికోసం ఇంకో 25 శాతం కలపమని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది.

చూశారా, లెక్క మొదలైంది ఇంటి నుంచి. డబ్బులు ఇచ్చేది మాత్రం మనిషికి, రోజుకి. పేదరికమేమో ఇంటిల్లిపాదికీ కలిపి, ఏడాది పొడుగునా.

(తెర మీద: నల్లబల్ల, సుద్దముక్క.)

ఇవి అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలు. ఐదుగురున్న ఇల్లు. ఆయనకి పొలం పని, రోజుకి 400. సార్వా, దాళ్వా అని రెండు వరి పంటలూ కలిపినా ఏడాదికి 150 రోజులే పని. వేసవిలో కాలవలు కట్టేస్తే ఊళ్ళో పనే ఉండదు. మొత్తం 60,000. మనిషికి రోజుకి 33 రూపాయలు. 2014లో రంగరాజన్ కమిటీ పల్లెల్లో పేదరికానికి గీసిన గీత 32 రూపాయలు, అదీ 2011-12 ధరల్లో!

కూలి 500 చేద్దాం. 75,000 వస్తుంది, మనిషికి 41. బాగానే ఉంది. కానీ కోత మిషన్ వచ్చి 30 రోజుల పని పట్టుకుపోతే? 120 రోజులు, 500 చొప్పున, మళ్ళీ అదే 60,000.

ఇప్పుడు ఆవిడ సంగతి. షెడ్డులో రోజుకి 250 పడుతోంది, ఏడాదికి 200 రోజులు. 50,000 కలిసింది. మనిషికి 60 రూపాయలు దాటింది. ఆవిడ 250ని 350 చేస్తే ఇంకో 20,000. ఆయన కూలి వంద పెరిగితే వచ్చింది 15,000, అదీ పని రోజులు తగ్గకపోతేనే. కూలి పెంచాలని మీటింగు పెట్టినప్పుడు మనవాళ్ళు మాట్లాడేది ఎక్కువగా మగవాళ్ళ రేటు గురించే. నాకు అక్కడే కడుపు మండుతుంది.

సరే, కూలి పెంచితే పని పోతుందా?

(తెర మీద: నరసాపురం రేవు. పంటు సఖినేటిపల్లి వైపు కదులుతుంది.)

ఈ ఒడ్డున కూలి పెంచి, ఆ ఒడ్డున పెంచలేదనుకోండి. అమెరికాలో అచ్చం ఇలాగే జరిగింది. డెలావేర్ నదికి ఒక పక్క న్యూజెర్సీ. 1992 ఏప్రిల్‌లో అక్కడ గంట వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచారు. అవతలి పెన్సిల్వేనియాలో పెంచలేదు. కార్డ్, క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రెండు పక్కలా 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ళు చూశారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గలేదు. ఆ తరహా పనికే 2021లో కార్డ్‌కి నోబెల్ వచ్చింది.

అలాగని ఎంత పెంచినా ఏమీ కాదని కాదు. గంటకి 15 డాలర్లు చేస్తే 9 లక్షల మంది పేదరికం దాటుతారని, 14 లక్షల ఉద్యోగాలు పోతాయని అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు 2021లో అంచనా వేసింది.

మన దగ్గర షెడ్డుకీ చేనుకీ తేడా ఉంది. చుట్టుపక్కల నాలుగూళ్ళకీ ఒక్కటే షెడ్డు ఉంటే, మేస్త్రి ఎంతంటే అంత. అక్కడ రేటు పెంచితే కోత పడేది యజమాని మిగులులో. చేలో అలా కాదు. కూలి ఇచ్చేది కౌలు రైతు. ముందే మక్తా కట్టాడు, ధాన్యం ధర చూస్తే ప్రభుత్వం పెట్టింది, 2025-26లో సాధారణ రకం క్వింటా 2,369. ఖర్చులు గిట్టుబాటు కాక 2011లో కోనసీమ రైతులు ఏకంగా పంట విరామమే ప్రకటించారు. నాట్లు లేకపోతే నాట్ల కూలీ లేదు. అయినా నాట్లప్పుడు మనుషులు దొరక్క రైతే ఆటో పెట్టి, అడిగినంత గుత్త ఇస్తాడు. అక్కడ చట్టంతో పెద్దగా పనిలేదు. చట్టం కావాల్సింది షెడ్డులో, ఇటుక బట్టీలో, బట్టల కొట్లో, ఆసుపత్రి ఊడ్చేవాళ్ళకి.

పాత చట్టం జాబితాలో ఉన్న పనులకే వర్తించేది. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఇందులో ఆ జాబితా గొడవ లేదు. జీతం చీటీ ఇవ్వాలని కూడా ఉంది.

(తెర మీద: మేస్త్రి జేబులోంచి తొంగిచూస్తున్న చిన్న నోటుబుక్కు.)

చీటీ వచ్చేదాకా మీ కిలోల లెక్క ఉండేది ఈ బుక్కులోనే. సాయంత్రం తూకం అయ్యాక ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తేదీ కనబడాలి. షెడ్డు దగ్గర ఎన్నింటికి ఆటో దిగారో, తిరిగి ఎన్నింటికి ఎక్కారో పక్కనే రాసుకోండి.