బొమ్మల పుస్తకంలోంచి పద్యంలోకి

శ్రోతలకు నమస్కారం.

మన బడుల్లో చాలామంది పిల్లలకు పద్యం అప్పజెప్పాల్సిన పాఠంగానే ఎదురవుతుంది. ముందు కంఠస్థం, తర్వాత ప్రతిపదార్థం, ఆపైన భావం, చివరికి మార్కులు. ఈ వరుసలో పద్యాన్ని హాయిగా వినే సందర్భం ఎక్కడా లేదు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు కవిత్వం బొమ్మల కథల పుస్తకాల ద్వారానే అందాలని నేను గట్టిగా నమ్ముతాను.

బొమ్మల పుస్తకంలో అర్థం చెప్పే పని చాలావరకు బొమ్మే చేస్తుంది. కాలువ, పడవ, గట్టు మీద గేదె కంటి ముందే ఉంటాయి. ఇక పిల్లల చెవి మాటల తూగు మీద నిలుస్తుంది. పేజీ తిప్పే ముందు టీచరు ఒక్క క్షణం ఆగుతారు. తర్వాత ఏ మాట వస్తుందోనని తరగతి అంతా ఎదురుచూస్తుంది. పాదం ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ అందుకుంటుందో పిల్లలకు ఆ విరామంలోనే తెలిసివస్తుంది.

ఏడు చేపల కథనే తీసుకోండి. సముద్ర తీరాన ఉన్న అంతర్వేది, ఓడలరేవు వైపు పిల్లలకు ఎండు చేపల గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. “చేపా, చేపా, ఎందుకు ఎండలేదు?” అన్న ప్రశ్న గడ్డిమోపు దగ్గరికి, ఆవు దగ్గరికి, చివరికి చీమ దాకా నడుస్తుంది. కథ వచనమే, కానీ ఆ ప్రశ్న పల్లవిలా తిరిగి తిరిగి వస్తుంది. మూడోసారికి పిల్లలే అందుకుంటారు. కథ ఎక్కడ పాటగా మారిందో వాళ్లు గమనించరు, గమనించనక్కరలేదు కూడా.

ఆ తర్వాత చప్పట్లు. “విశ్వదాభిరామ వినురవేమ” అనిపించి చూడండి. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ: ఐదు చప్పట్లు. ఈ వేమన పద్యాల ఛందస్సు ఆటవెలది. దాని రెండు, నాలుగు పాదాల్లో ఉండే ఐదు సూర్యగణాలు, అంటే లయ ముక్కలు, ఇవే. గురువు, లఘువు అన్న మాటలు పై తరగతుల్లో ఎలాగూ వస్తాయి. అప్పటికి ఆ లయ పిల్లల అరచేతుల్లో ఉంటే, గణవిభజన వాళ్లను భయపెట్టదు.

ఇక వాళ్ల చేత పలికించడం. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. అరటి తోట బొమ్మ ఉన్న పేజీ తెరిచి, మూడు పాదాలు అందించండి:

లంక మీద అరటి తోట
తోటలోన చిలక పాట
పాట చేరె పాప నోట

నాలుగో పాదం పిల్లలది. “నోట” అని మొదలుపెట్టాలి, అంతే. ఒకరు బెల్లం ముక్క అంటారు, ఒకరు తాటి ముంజె అంటారు, ఒకరు మామిడి తాండ్ర అంటారు. ప్రాస కుదరకపోయినా దిద్దకండి. పాదం చివరి మాటతో తర్వాతి పాదం ఎత్తుకోవడాన్ని ముక్తపదగ్రస్తం అంటారు. ఆ పేరు పదేళ్ల తర్వాత తెలిసినా నష్టం లేదు.

పుస్తకం ఎంచుకునేటప్పుడు మాత్రం కఠినంగా ఉండాలి. ముందు మీరే ఒకసారి పైకి చదవండి. నాలుక తడబడితే, ప్రాస కోసం మాటను మెలితిప్పినట్టు అనిపిస్తే, బొమ్మలు ఎంత బాగున్నా పక్కన పెట్టండి. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం, సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ తెలుగులో పిల్లల పుస్తకాలు తెస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో తెలుగు కథలను ఫోనులోనే ఉచితంగా చదవవచ్చు.

రేడియోలో ఈ మాటలు చెబుతూ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను తలచుకోకుండా ఉండలేను. శ్రోతల రేడియో అన్నయ్య, అక్కయ్య వాళ్లు. 1945లో ‘బాల’ పత్రిక కూడా ప్రారంభించారు. పిల్లలకు చెవి, కన్ను రెండూ కావాలని వాళ్లకు తెలుసు.

ఉపాధ్యాయులకు, అమ్మానాన్నలకు నా మనవి ఒక్కటే: చదివాక “భావమేమిటి?” అని వెంటనే అడగకండి. “మళ్లీ చదవనా?” అని అడగండి. పిల్లలు కట్టిన పాదాలను వాళ్ల బొమ్మలతోనే కాగితాల మీద రాయించి, దారంతో కుట్టి, తరగతి పుస్తకాల మధ్య పెట్టండి. వచ్చే జూన్‌లో బడిలో చేరే పిల్లలకు మొదటి పుస్తకంగా దాన్నే చదివి వినిపించండి.

నమస్కారం.