ఊపిరాడని ఉండ

(శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీలో చేపల చెరువున్న ఇళ్ల పిల్లలు కొందరైనా ఉండే ఉంటారు. ముసురు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున గట్టు మీదికి వెళితే, చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుచుకుని ఉంటాయి. నీటిలో ఆక్సిజన్ తగ్గిందని రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను కాపలా కాసిన చెరువు మాత్రం అర మిల్లీమీటరు: ప్రయోగశాలలో పెంచిన క్యాన్సర్ కణాల ఉండ.

క్యాన్సర్ కణాలను మామూలు ప్లాస్టిక్ పళ్లెంలో వేస్తే అడుగున ఒక పొరలా పరుచుకుంటాయి. అడుగు అంటకుండా పూత పూస్తే ఒకదాన్నొకటి పట్టుకుని గుండ్రటి ఉండ కడతాయి. దాన్ని స్ఫెరాయిడ్ అంటాం. మైక్రోస్కోపులో చూస్తే అంచు లేతగా, నడుమ నల్లగా ఉంటుంది. ఉండలో రక్తనాళాలు లేవు. బయటి ద్రవంలోని ఆక్సిజన్ ఇంకుతూ లోపలికి పోవాలి, దారిలో ఉన్న ప్రతి కణమూ తన వాటా తీసుకుంటుంది. 100 నుంచి 200 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోతుకు వెళ్లేసరికి ఇక మిగలదు, అక్కడి కణాలు చచ్చిపోతాయి, నడుమ కనిపించే నలుపు అదే. బయట ఆక్సిజన్ తగ్గించారా, ఆ నల్లటి నడిభాగం ముందే వస్తుంది, ఉండ చిన్నగానే ఆగిపోతుంది.

అయితే ఆక్సిజన్ తీసేస్తే క్యాన్సర్ పోతుందా? నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. నడుమ చచ్చిన కణాలతో పేచీ లేదు. వాటికీ అంచుకూ మధ్య అరకొర ఊపిరితో బతికే వరుస ఒకటుంది, అదే మొండిది. అవి విభజన తగ్గించుకుంటాయి కనుక, విభజన సమయంలో దెబ్బతీసే మందులు వాటిని పెద్దగా తాకవు. ఆక్సిజన్ బొత్తిగా లేనిచోట రేడియేషన్ కూడా అదే దెబ్బ తీయాలంటే దాదాపు 3 రెట్ల మోతాదు కావాలి.

ఈ మొండితనం వెనుక హెచ్‌ఐఎఫ్ అనే ప్రోటీను ఉంది. ఆక్సిజన్ కొరతలో అది కరిగిపోకుండా నిలబడి, కొత్త రక్తనాళాలను రప్పించే జన్యువులను మేల్కొలుపుతుంది. కణాలు ఆక్సిజన్‌ను పసిగట్టే ఈ తీరును కనుగొన్నందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది.

మన గాలిలో ఆక్సిజన్ 21 శాతం. కణితుల్లో చాలాచోట్ల 1, 2 శాతమే. మామూలు ఇంక్యుబేటర్‌లో, అంటే కణాలను వెచ్చగా ఉంచే పెట్టెలో, పెంచిన కణాలకు దాదాపు గాలిలో ఉన్నంత ఆక్సిజన్ పెట్టి, కణితిని అర్థం చేసుకున్నామనడం నాకు మింగుడుపడదు.

నా తెలివితక్కువతనమూ చెప్పాలి. 1 శాతం ఆక్సిజన్ పెట్టెలో పెంచిన కణాల్లో హెచ్‌ఐఎఫ్ కోసం రెండు వారాలు వెతికాను, జాడ లేదు. పళ్లేలు బయటికి తీసి, పక్కవారితో కబుర్లు చెబుతూ తాపీగా కడిగేవాణ్ణి. మామూలు గాలి తగిలితే ఆ ప్రోటీను 5 నిమిషాల్లో సగానికి సగం కరిగిపోతుంది! మూడో వారం మంచులో చల్లార్చిన ద్రవాన్ని పెట్టెలోకే తీసుకెళ్లి, చేతులు లోపలే ఉంచి కణాలను పగలగొట్టాను. ఆ సాయంత్రం పరీక్ష ఫిల్ము మీద, హెచ్‌ఐఎఫ్ ఉందని చెప్పే సన్నటి నల్ల గీత పడింది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.