సరుకు నౌక లేనిదే అంతరిక్ష కేంద్రం లేదు

హనుమకొండ సభకు విచ్చేసిన విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, పెద్దలకు నమస్కారం.

కాజీపేట జంక్షన్‌లో ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి గూడ్సు బండిని లూప్ లైన్‌లో ఆపడం మనం రోజూ చూసేదే. అంతరిక్షంలోనూ వ్యోమగాములు ఎక్కిన నౌకకు దక్కే పేరు సరుకు నౌకకు దక్కదు. అయితే మనుషులు లేని ఆ నౌకలు రాకపోతే ఏ అంతరిక్ష కేంద్రమూ ఎక్కువ కాలం నిలవదు.

1978 జనవరిలో సోవియట్ యూనియన్ పంపిన ప్రోగ్రెస్-1 అనే సరుకు నౌక, సల్యూత్-6 అంతరిక్ష కేంద్రానికి సామగ్రితో పాటు ఇంధనాన్ని కూడా మోసుకెళ్లి, గొట్టాల ద్వారా దాని ట్యాంకుల్లోకి ఎక్కించింది. భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనూ పలుచని గాలి ఉంటుంది కాబట్టి, దాని రాపిడికి కేంద్రం మెల్లమెల్లగా కిందికి దిగుతుంది. ఇంజిన్లు మండించి మళ్లీ పైకి లేపకుంటే చివరికి కూలిపోతుంది. నేటి అంతర్జాతీయ కేంద్రాన్ని తరచుగా పైకి నెట్టేది దానికి అతుక్కొని ఉన్న ప్రోగ్రెస్ నౌకే. పని ముగిశాక అదే నౌక చెత్తను నింపుకొని వెళ్లి, పసిఫిక్ మీద వాతావరణంలో కాలిపోతుంది.

కేంద్రాన్ని చేరడం అంత సులువు కాదు. ముందున్న దాన్ని అందుకోవాలని ఇంజిన్ మండించి వేగం పెంచితే, నౌక పై కక్ష్యకు లేచి, ఒక చుట్టు తిరగడానికి ఎక్కువ సమయం పట్టి, ఇంకా వెనుకబడుతుంది. అందుకే కింది కక్ష్యలో త్వరగా తిరుగుతూ, దూరం తగ్గించుకుంటూ, క్రమంగా పైకి రావాలి.

1997 జూన్ 25న ఆటోమేటిక్ రాడార్‌ను పక్కనపెట్టి, సుమారు ఏడు టన్నుల ప్రోగ్రెస్‌ను రష్యా అంతరిక్ష కేంద్రం మీర్ లోపలి నుంచి, నౌక కెమెరా పంపే దృశ్యాన్ని టీవీ తెర మీద చూస్తూ, కమాండర్ చేతితో నడిపారు. తెర మీద మీర్ ఆకారం కింది మేఘాల్లో కలిసిపోయి దూరం అంచనాకు అందలేదు. నౌక వచ్చి స్పెక్టర్ విభాగాన్ని ఢీకొట్టింది. గాలి బయటికి పోసాగింది. ఆ విభాగం ద్వారం గుండా కేబుళ్లు వెళ్తున్నందున తలుపు మూసే వీలు లేక, సిబ్బంది ముందు వాటిని ఊడదీసి, కోసి, ఆ తర్వాతే మూత బిగించగలిగారు. నేరం కమాండర్ మీదికి నెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. నమ్మదగిన కొలతలు లేకుండా నడపమనడమే అసలు లోపం.

2014 అక్టోబర్ నుంచి 2015 జూన్ వరకు అమెరికా సరుకు నౌకలు సిగ్నస్, డ్రాగన్, రష్యా ప్రోగ్రెస్ ఒక్కొక్కటి చొప్పున దారిలోనే పోయినా అంతర్జాతీయ కేంద్రాన్ని ఖాళీ చేయాల్సిన అవసరం రాలేదు. నిల్వలు ఉండటం, జులైలో మరో ప్రోగ్రెస్, ఆగస్టులో జపాన్ నౌక చేరుకోవడం అందుకు కారణం.

2035 నాటికి సొంత కేంద్రం కావాలని మన దేశం లక్ష్యం పెట్టుకుంది. 2025 జనవరి 16న ఇస్రో అనుసంధాన ప్రయోగం స్పేడెక్స్‌లోని ఉపగ్రహాలు రెండూ కక్ష్యలో అనుసంధానమయ్యాయి; ఏప్రిల్‌లో మళ్లీ కలిసినప్పుడు ఒకదాని నుంచి మరొకదానికి విద్యుత్తును కూడా పంపాయి. ఇంధనం పంపడం ఇంతకంటే కఠినం. బరువులేని స్థితిలో ద్రవం ట్యాంకు అడుగున నిలవదు కాబట్టి, దాన్ని వంగే పొరతో గ్యాసు నుంచి వేరుచేసి, గ్యాసు ఒత్తిడితో అవతలికి నెట్టాలి. వరంగల్ ఎన్‌ఐటీలో మెకానికల్, కెమికల్ ఇంజినీరింగ్ చదువుతున్న వారు ఈ పొర, ఈ కవాటాలు, ఈ ఒత్తిడి లెక్కలు ప్రాజెక్టుగా తీసుకోవచ్చు. మీ ప్రశ్నలు అక్కడి నుంచే మొదలుపెట్టండి.