డయాడ్ ఇన్‌స్టాల్ చేశారు సరే, అందులో ఏఐ ఎక్కడుంది?

నమస్కారం. డయాడ్ అంటే, మనం మాటల్లో అడిగితే ఏఐ చేత కోడ్ రాయించి యాప్ తయారు చేసే, మన కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాము. "డయాడ్ ఇన్‌స్టాల్ చేశాను, ఏఐ మాత్రం పనిచేయడం లేదు." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకంటే చాలామంది సరిగ్గా అక్కడే విసిగిపోయి దాన్ని తీసేస్తున్నారు. అక్కడ పాడైనదేమీ లేదు. మీరు ఇన్‌స్టాల్ చేసిన దాంట్లో అసలు ఏఐ ఉండదు!

ఇంట్లో పెళ్లి అనుకోండి. పెరట్లో పందిరి వేసి వంటశాల సిద్ధం చేశారు. అది డయాడ్. పొయ్యిలు తెచ్చి పెట్టారు. అవి నోడ్ జేఎస్, అంటే తయారైన యాప్‌ను మీ కంప్యూటర్‌లో నడిపించే ప్రోగ్రాము. మరి వండేది ఎవరు? వంటమాస్టరును పిలవాలి కదా. జెమిని, క్లాడ్, జీపీటీ వంటి మోడళ్లే ఆ వంటమాస్టర్లు. వాళ్లు ఉండేది గూగుల్, ఆంత్రోపిక్, ఓపెన్‌ఏఐ సర్వర్లలో. మీరు అడిగింది ఇంటర్నెట్ మీదుగా అక్కడికి వెళ్తుంది, కోడ్ తిరిగి వస్తుంది. ఆ కోడ్ ఫైళ్లు మాత్రం మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి. డయాడ్ నాకు నచ్చింది అందుకే. వంటశాల మనది, మాస్టరును ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు.

[తెర మీద: డయాడ్ సైట్, డౌన్‌లోడ్ పేజీ]

డౌన్‌లోడ్ చేయడం మీకు తెలిసిందే. విండోస్‌కీ మ్యాక్‌కీ విడివిడిగా ఉంది. తర్వాత నోడ్ జేఎస్ సైటుకు వెళ్లి, ఎల్‌టీఎస్ అని రాసి ఉన్న వెర్షన్ తీసుకోండి. అన్నిటికన్నా కొత్తది కావాలని ఆశపడకండి, ఎక్కువ కాలం మరమ్మతులు అందేది ఎల్‌టీఎస్‌కే. నోడ్ ఇన్‌స్టాల్ అయ్యాక డయాడ్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. అప్పటికే తెరిచి ఉన్న ప్రోగ్రాములకు నోడ్ వచ్చిన సంగతి తెలియదు. "నోడ్ కనిపించలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఇదే.

ఇక వంటమాస్టరు. జెమినిని పిలవాలంటే, గూగుల్ ఏఐ స్టూడియో అనే సైట్‌లో మీ గూగుల్ ఖాతాతో లాగిన్ అయి, ఏపీఐ కీ తయారు చేసుకోండి. ఆ పొడవాటి అక్షరాల వరుసను డయాడ్ సెట్టింగ్స్‌లో గూగుల్ అని ఉన్న చోట అతికించండి. మాస్టరును మీ పేరు మీద పిలిచే హక్కు ఆ కీలో ఉంది. దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టారంటే, ఊళ్లో ఎవరి ఇంట్లో విందు జరిగినా మాస్టరు మీ పేరు మీదే వండుతాడు, డబ్బు కట్టే ఖాతా అయితే బిల్లు మీకే వస్తుంది. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు కూడా చూసుకోండి, దయచేసి.

ఉచిత వాడకానికి పరిమితి ఉంటుంది. అది దాటితే 429 అనే ఎర్రర్ వస్తుంది. మాస్టరు పారిపోలేదు, కాసేపు ఆగమంటున్నాడు, అంతే. మాస్టరును ఇంట్లోనే ఉంచుకోవాలనుకుంటే ఓలామా అనే దారి ఉంది, అది మోడల్‌ను మీ కంప్యూటర్‌లోనే నడిపిస్తుంది. కానీ మామూలు ల్యాప్‌టాప్‌లో నడిచే చిన్న మోడళ్లకు పెద్ద పనులు అప్పగిస్తే తడబడతాయి. మొదటి యాప్‌కు నేనైతే వద్దంటాను.

[తెర మీద: డయాడ్ చాట్ పెట్టె]

ఇప్పుడు అడుగుదాం. "పాల లెక్కకు యాప్ చేయి" అంటే సరిపోదు. పెళ్లివాళ్లు మాస్టరుతో "ఏదో ఒకటి వండండి" అంటారా? ఎంతమంది, ఏ పూట, పులిహోరా బిర్యానీనా, అన్నీ చెబుతారు. ఇక్కడా అంతే: "రోజూ పొద్దున ఎన్ని లీటర్ల పాలు పోశారో తేదీతో నమోదు కావాలి. లీటరు ధర మార్చుకునే వీలుండాలి. పాలు రాని రోజు సున్నా పడాలి. నెలాఖరున మొత్తం చూపాలి. అక్షరాలన్నీ తెలుగులో ఉండాలి." ఒక్కో మార్పును ఒక్కోసారి అడగండి. చెడిపోతే పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లవచ్చు, డయాడ్ వాటిని దాచి ఉంచుతుంది.

యాప్ తెర మీద కనిపించగానే చాలామంది చేసే పని, లోకల్‌హోస్ట్ అని ఉన్న చిరునామాను స్నేహితులకు పంపడం. అది వాళ్ల ఫోన్‌లో తెరుచుకోదు. లోకల్‌హోస్ట్ అంటే 127.0.0.1, ఏ యంత్రంలో అడిగితే ఆ యంత్రమే. మీ వంటశాలలో గిన్నె మీ దగ్గరే ఉంది, ఇంకా వడ్డించలేదు.

సమయం అయిపోతోంది, వడ్డన గురించి గబగబా చెప్పేస్తాను. కోడ్‌ను దాచుకునే సైటైన గిట్‌హబ్‌కు పంపండి, అక్కడి నుంచి యాప్‌ను ఇంటర్నెట్‌లో నడిపే వెర్సెల్‌కు కలపండి. అప్పుడు అందరికీ తెరుచుకునే లింకు వస్తుంది. లెక్కలు బ్రౌజర్‌లోనే దాచే పద్ధతిలో యాప్ తయారైతే, మీ ఫోన్‌లో రాసినవి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కనిపించవు. ఇంట్లో అందరికీ ఒకే లెక్క కావాలంటే, లెక్కలను ఇంటర్నెట్‌లో ఒకేచోట దాచే డేటాబేస్ ఉండాలి, డయాడ్‌లో సుపాబేస్ అనే డేటాబేస్ సేవను కలుపుకోవచ్చు. కలిపాక యాప్‌కు లాగిన్ పెట్టి, ప్రతి పట్టికకూ రో లెవెల్ సెక్యూరిటీ (ఏ వరుసను ఎవరు చూడవచ్చో తేల్చే కాపలా) ఆన్ చేసి, ఏ ఇంటి లెక్క ఆ ఇంటివాళ్లకే కనిపించేలా నియమం పెట్టమని మోడల్‌ను అడగండి. మీ ఇంటికి సంబంధం లేని మరో ఖాతాతో లాగిన్ అయి, మీ లెక్కలు అందులో కనిపించడం లేదని చూసుకునే వరకు ఆ లింకు ఎవరికీ పంపకండి.